జడలు వేసుకుంటే ఉద్యోగం ఎందుకు పోవాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు రాశాను. పెళ్ళయి అట్లాంటా వచ్చాక, వర్క్ పర్మిట్ చేతికందాక, కాస్మెటాలజీ చదివి లైసెన్సు తెచ్చుకున్నాననీ, ఇప్పుడు డెకేటర్‌లో ఒక నల్లజాతి ఆవిడ నడిపే సెలూన్‌లో పనిచేస్తున్నాననీ. ఆ ఒక్క పేరాకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. చాలావరకు మర్యాదగా రాసినవే. కొన్ని చదువుతుంటే మాత్రం మనసు చివుక్కుమంది. అందుకే ఈసారి వంటలూ వీసాలూ అత్తాకోడళ్ళూ పక్కన పెట్టి, ఉన్న చోటంతా నల్లజాతి అమెరికన్ల జుట్టు గురించే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మా టీమ్‌కి అమెరికాలో ఉండే మేనేజర్ నల్లజాతి ఆవిడ. రెండు వారాల కిందట వీడియో కాల్‌లో చెవుల దాకా పొట్టి రింగుల జుట్టు. ఈ వారం నడుము దాకా సన్నజడలు. మా వాళ్ళు మ్యూట్‌లో పెట్టి నవ్వుకుంటున్నారు. అది ఆవిడ సొంత జుట్టేనా అని అడగొచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: ముందు ఆ నవ్వులు ఆపించు చెల్లెమ్మా. మిగతాది తర్వాత.

సొంత జుట్టా, పెట్టుకున్నదా అని అడగక్కర్లేదు. సవరం పెట్టి పూలజడ వేసిన పెళ్ళికూతుర్ని "ఇందులో నీదెంత?" అని మనం అడుగుతామా? బాగుందని ఒక మాట అనేసి నీ స్టేటస్ చెప్పుకో.

ఎందుకలా మారుతుందో చెబుతాను. ఆఫ్రికా మూలాలున్న చాలామందికి జుట్టు కుదురు దగ్గర్నుంచే గట్టిగా మెలితిరిగి వస్తుంది. మాడు మీద పుట్టే జిడ్డు సాఫీ జుట్టులో చివరిదాకా జారుతుంది. మెలికల జుట్టులో మధ్యలోనే ఆగిపోతుంది. దాంతో కొసలు పొడిబారి, గట్టిగా దువ్వితే పుటుక్కున తెగుతాయి. రోజూ తలంటుకుంటే ఇంకా పొడిబారుతుంది కాబట్టి వారానికో రెండు వారాలకో ఒకసారి చేస్తారు. ఆ రోజు సగం దానికే సరిపోతుంది. తడిసినప్పుడు భుజాలు దాటే జుట్టు ఆరేసరికి చెవుల దగ్గరికి ముడుచుకుంటుంది. నువ్వు పొట్టి జుట్టనుకున్నది బహుశా అదే అయ్యుంటుంది.

ఆ జుట్టుని రోజూ లాగకుండా, తెగకుండా కాపాడుకునే మార్గం జడలు. బాక్స్ బ్రెయిడ్స్ వేసేటప్పుడు మా ఓనరు తోకదువ్వెన కొసతో మాడు మీద చిన్న చిన్న గళ్ళు తీస్తుంది. గీత కాస్త వంకర పోయినా చెరిపి మళ్ళీ తీస్తుంది. ఒక్కో గడిలోని జుట్టుకి మొదట్లోనే సవరపు పాయ కలిపి, మూడు పాయలుగా అల్లుకుంటూ పోతుంది. సొంత జుట్టు ఎక్కడ అయిపోయిందో, సవరం ఎక్కడ మొదలైందో పక్కనే నిలబడ్డ నాకు కూడా తెలియదు. తలంతా అయ్యాక కొసలన్నీ కట్టగా పట్టి, మరిగిన నీళ్ళలో ముంచుతుంది. ఆ సవరం సింథటిక్ పోగు కాబట్టి వేడికి కొసలు బిగుసుకుని ఊడకుండా ఉంటాయి. బాగా సన్నజడలైతే పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రానికి లేస్తుంది. ఖర్చు వందల డాలర్లలో ఉంటుంది. కొన్ని వారాలు ఉంచుకుని విప్పేసి, జుట్టుకి కాస్త విశ్రాంతినిచ్చి, మళ్ళీ ఇంకోటి వేయించుకుంటారు.

ఇంకో సంగతి. ఆవిడ జడలతో కెమెరా ముందుకొచ్చిందంటే, ఆలోచించుకునే వచ్చి ఉంటుంది. మిషెల్ ఒబామా వైట్‌హౌస్‌లో ఉన్న ఎనిమిదేళ్ళూ సాఫీ జుట్టుతోనే కనిపించింది. జడలు వేసుకోవాలని ఉన్నా, జనం ఇంకా సిద్ధంగా లేరనిపించి మానుకున్నానని 2022లో తనే చెప్పింది. ఆరోగ్య బీమా చట్టం గురించి మాట్లాడాల్సిన దేశం తన జుట్టు గురించి మాట్లాడుకుంటుందని ఆవిడ దిగులు. ప్రెసిడెంటు భార్యకే అంత లెక్క తప్పలేదు. మీ మేనేజర్ మీ ముందు ఆ లెక్క వేసుకోకుండా ఉండగలిగితే, అది మీ టీమ్‌కి మంచి పేరు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒక నల్లజాతి పాప కనిపిస్తుంది. జుట్టు ఎంత ముద్దుగా ఉంటుందో! ఒక్కసారి ముట్టుకుంటే తప్పా?
– గృహిణి, కొలంబస్, ఒహాయో

జవాబు: ముట్టుకోకండి. అడిగి ముట్టుకోవడం కూడా వద్దు. పెద్దవాళ్ళు అడిగితే పిల్లలు కాదనలేరు. నడిచే దారిలో పరాయి చేతులు తల మీద పడటం వాళ్ళకి చిన్నప్పట్నుంచీ విసుగెత్తిన వ్యవహారం. "నీ జుట్టు చాలా బాగుంది" అనండి, చాలు.

ప్రశ్న: అక్కా, నా క్లాస్‌మేట్ ఒక నల్లజాతి అబ్బాయి. క్యాంపస్ దగ్గర రెస్టారెంట్‌లో పనిచేస్తాడు. లాక్స్ (పాయలుగా మెలిపెట్టి బిగుసుకోనిచ్చిన జుట్టు) పెంచుకున్నాడు. కొత్తగా వచ్చిన మేనేజర్ "నీట్‌గా లేదు, కత్తిరించుకో, లేదంటే మానేయ్" అన్నాడట. మన వాళ్ళేమో "రూల్ అంటే రూలే, జుట్టే కదా, మళ్ళీ పెరుగుతుంది" అంటున్నారు. చట్టం ఏమంటుంది?
– ఎంఎస్ విద్యార్థి, డాలస్

జవాబు: మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. క్రౌన్ యాక్ట్ అంటారు. జాతితో ముడిపడిన జుట్టు తీరుని బట్టి, జడలు, లాక్స్, ట్విస్టుల్ని (రెండేసి పాయలు మెలిపెట్టినవి) బట్టి ఉద్యోగంలో గానీ, స్కూల్లో గానీ, అద్దె ఇంటి విషయంలో గానీ వివక్ష చూపకూడదు. నీ స్నేహితుణ్ణి మేనేజర్ పంపిన మెసేజ్‌లు దాచుకోమను. నోటిమాటగా అన్నదైతే తేదీతో సహా ఒకచోట రాసిపెట్టుకోమను. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కి ఫిర్యాదు చేయడానికి 180 రోజుల గడువుంటుంది, ఆలస్యం చేయొద్దను. వంటగదిలో జుట్టుకి నెట్ పెట్టుకోమనడం వేరు. అది అందరికీ ఒకటే రూలు.

"మళ్ళీ పెరుగుతుంది" అన్నవాళ్ళకి ఇది చెప్పు. లాక్స్ అంటే జుట్టుని పాయలుగా మెలిపెట్టి, విప్పకుండా, నెలల తరబడి దానంతట అది బిగుసుకోనిచ్చేవి. భుజాల దాకా రావాలంటే ఏళ్ళు పడుతుంది. కత్తెర పడితే ఆ ఏళ్ళన్నీ నేల మీద పడ్డట్టే. పైగా వాటిని శుభ్రంగా కడుగుతారు, కుదుళ్ళ దగ్గర మళ్ళీ మళ్ళీ మెలిపెట్టించుకుంటారు. మురికి అనేది చూసేవాళ్ళ ఊహ.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1981లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో రెనీ రోజర్స్ అనే ఆవిడ కేసు నడిచింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగి. తలకి అంటిపెట్టుకుని వరసలుగా అల్లే కార్న్‌రోస్‌తో పనికి వచ్చింది. కంపెనీ కుదరదంది. కావాలంటే డ్యూటీలో ఉన్నంతసేపూ జడల్ని ముడివేసి, పైన ఒక సవరం చుట్టుకోమంది. ఆమెకి ఆ సవరంతో తలనొప్పి వచ్చింది. కోర్టు కంపెనీ వైపే మొగ్గింది. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరు మార్చుకోలేనిది, జడ మాత్రం చేత్తో వేసుకున్నది, విప్పుకోవచ్చు కదా, అన్నది తర్కం. ఒక తెల్లజాతి నటి సినిమాలో వేసుకుని ప్రచారంలోకి తెచ్చాకే ఈమె కూడా వేసుకుందన్న కంపెనీ మాట కూడా ఆ తీర్పులోకి ఎక్కింది. ఆఫ్రికాలో తరతరాలుగా తల్లులు కూతుళ్ళకి అల్లిన జడ అది. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తర్కం పట్టుకునే తర్వాతి కేసులు కూడా నడిచాయి. 2010లో అలబామాలోని మొబీల్‌లో ఒకావిడకి కస్టమర్ సర్వీస్ ఉద్యోగం ఖాయమైంది. ఫోన్‌లో మాట్లాడే పని, ఎవరి ఎదుటా కనబడేది కాదు. లాక్స్ తీసేయాలన్నారు. "ఇవి చిందరవందర అవుతుంటాయి, మీవి అలా ఉన్నాయని కాదు" అని హెచ్‌ఆర్ మేనేజర్ అన్నదట. ఆమె ఒప్పుకోలేదు, ఉద్యోగం వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వ సంస్థే ఆమె తరఫున కేసు వేసింది. 2016లో అప్పీలు కోర్టు కంపెనీనే సమర్థించింది. 2018లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. కోర్టుల దారి మూసుకుపోయాక చట్టసభల దారి పట్టారు. 2019 జులైలో కాలిఫోర్నియా మొదటి చట్టం చేసింది. ఆ తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు చేశాయి. దేశమంతటికీ ఒకటే చట్టం కోసం 2022లో ప్రతినిధుల సభ బిల్లు ఆమోదించింది, సెనేట్‌లో గట్టెక్కలేదు.

చట్టం ఉన్నా నీ స్నేహితుడికి గ్యారంటీ అని నేననను. మీ టెక్సస్‌లోనే హ్యూస్టన్ దగ్గర ఒక హైస్కూల్ కుర్రాడు లాక్స్‌ని నెత్తిమీద ముడేసుకుని స్కూలుకి వెళ్ళేవాడు. విప్పితే కనుబొమలు, చెవి తమ్మెలు దాటుతాయని చెప్పి, ఆ చట్టం అమల్లోకి వచ్చిన రోజుల్లోనే అతన్ని క్లాసు నుంచి వేరుచేసి కూర్చోబెట్టారు. చట్టంలో జడల తీరు గురించి ఉంది, పొడవు గురించి లేదని స్కూలు వాదించింది. 2024 ఫిబ్రవరిలో ఒక జడ్జి ఆ వాదన ఒప్పుకున్నాడు. ముడేసిన జుట్టుని మనసులో విప్పి కొలిచారన్నమాట! కాబట్టి నీ స్నేహితుణ్ణి వకీలుతో మాట్లాడమను. వివక్ష కేసులు ఫీజు లేకుండా చూసే న్యాయ సహాయ సంస్థలు ఉంటాయి.

ప్రశ్న: అమ్మా, 1970ల్లో నేను కాలేజీలో చదివేటప్పుడు మా బ్యాచ్‌లో సగంమంది ఆఫ్రో లాగా తల చుట్టూ గుండ్రంగా జుట్టు పెంచాం. మాకది ఫ్యాషన్. అమెరికాలో దాన్ని రాజకీయం అంటారని మా మనవరాలు చెబుతోంది. జుట్టులో రాజకీయం ఎక్కణ్ణుంచి వచ్చింది?
– విశ్రాంత అధ్యాపకుడు, విజయవాడ

జవాబు: మీ మనవరాలు చెప్పింది నిజమే మాస్టారూ. ప్రభుత్వమే ముందు మొదలుపెట్టింది. 1786లో లూసియానా స్పెయిన్ చేతిలో ఉన్నప్పుడు గవర్నర్ ఎస్తెబాన్ మీరో ఒక ఉత్తర్వు ఇచ్చాడు: బానిసత్వంలో లేని నల్లజాతి స్త్రీలు కూడా జుట్టు అలంకరించుకుని బయటికి రాకూడదు, తలకి గుడ్డ చుట్టుకోవాలి. వాళ్ళ అలంకారం తెల్లవాళ్ళ దృష్టిలో హద్దు మీరింది. ఆ ఆడవాళ్ళు ఏం చేశారో తెలుసా? మెరిసే రంగుల గుడ్డలు తెచ్చి, రకరకాల ముడులతో, నగలతో, ఈకలతో అంత అందంగా చుట్టుకున్నారు. ఆ గుడ్డల్లో పేరుపడ్డవి మద్రాసు గళ్ళ రుమాళ్ళు, మన కోరమండల్ తీరపు మగ్గాల సరుకు. చీరాల వైపు నేసిన ఆ రకం రుమాళ్ళు ఆఫ్రికాకీ వెళ్ళేవి. మన నేతగాళ్ళ చేతి గుడ్డ అక్కడ ఆ తలల మీద ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

బానిసలుగా పొలాల్లో ఉన్నవాళ్ళకి ఆ వెసులుబాటు కూడా లేదు. సరైన దువ్వెనలు లేవు, నూనెలు లేవు, ఆదివారం ఒక్కపూట మాత్రం కాస్త తీరిక. గొర్రె ఉన్ని దువ్వే పనిముట్లతో తల దువ్వుకున్నారు. తమ జుట్టుని ఉన్ని అని పిలిపించుకున్నారు. విముక్తి వచ్చాక కూడా సాఫీ జుట్టే "మంచి జుట్టు" అన్న మాట వాళ్ళ ఇళ్ళలోనే స్థిరపడిపోయింది. ఉద్యోగం, చదువు, పెళ్ళి సంబంధం, అన్నీ దాని చుట్టూ తిరిగాయి.

మేడం సి.జె. వాకర్ కథ ఇక్కడే చెప్పాలి. అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలో, అంతకుముందు దాకా బానిసలుగా ఉన్న తల్లిదండ్రులకి పుట్టింది. సెయింట్ లూయిస్‌లో బట్టలుతికి బతికింది. జుట్టు ఊడిపోతుంటే మందు వెతుక్కుంటూ, ముందు ఆనీ మలోన్ అనే ఇంకో నల్లజాతి వ్యాపారవేత్త సరుకు అమ్మి, తర్వాత సొంతంగా మొదలుపెట్టింది. 1910లో ఇండియానాపొలిస్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. వేలమంది నల్లజాతి ఆడవాళ్ళు ఆమె ఏజెంట్లుగా, తెల్లవాళ్ళ ఇళ్ళలో అంట్లు తోమే పని మానేసి, సొంత సంపాదన చూశారు. 1917లో ఫిలడెల్ఫియాలో వాళ్ళందరితో సభ పెట్టి, నల్లవాళ్ళ మీద మూకహత్యలు ఆపాలని ప్రెసిడెంటుకి తంతి పంపించింది. ఆమెని జుట్టు సాఫీ చేసే మనిషని తక్కువ చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తాను చేసేది జుట్టు పెంచడం అని ఆమె గట్టిగా చెప్పేది. నేను ఆమెని తప్పుపట్టలేను. వేడి దువ్వెన పట్టుకున్న చేతే ఒక కుటుంబాన్ని పోషించింది.

1960ల్లో గాలి మారింది. 1962 జనవరిలో న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలో ఒక ఫ్యాషన్ ప్రదర్శన జరిగింది. గ్రాండాసా మోడల్స్ అనే బృందంలోని అమ్మాయిలు సాఫీ చేయని సహజమైన జుట్టుతో, ముదురు రంగు ఒంటితో, ఆఫ్రికా తరహా బట్టలతో వేదిక మీద నడిచారు. ఫోటోలు తీసిన క్వామె బ్రాత్‌వైట్ ఆ ప్రదర్శన నిర్వాహకుల్లో ఒకరు. నలుపు అందమైనదన్న నినాదం ఊరూరికీ పాకడంలో ఆ ఫోటోల పాత్ర పెద్దది. 1968లో అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ జరుగుతుంటే, అదే ఊళ్ళో నల్లజాతి వాళ్ళు తమ పోటీ తాము పెట్టుకున్నారు. మిస్ అమెరికా పోటీలో అప్పటిదాకా ఒక్క నల్లజాతి అమ్మాయి కూడా పాల్గొనలేదు. మొదటి అమ్మాయి 1970లో వచ్చింది.

ఆఫ్రోతో వచ్చిన తంటా ఒకటి చెప్పి ముగిస్తాను. 1971లో న్యూయార్క్ టీవీ విలేకరి మెల్బా టోలివర్, ప్రెసిడెంటు నిక్సన్ కూతురి పెళ్ళి కవర్ చేయడానికి ఆఫ్రోతో వెళ్ళింది. ఛానెల్ వాళ్ళు మార్చుకోమన్నారు, స్కార్ఫయినా కట్టుకోమన్నారు. ఒప్పుకోకపోతే స్టూడియోలో తెర మీదికి రానివ్వలేదు. ఆ సంగతి పత్రికలో వచ్చి, జనం ఉత్తరాలు రాస్తే గానీ ఛానెల్ దిగిరాలేదు. అదే ఏడాది, నల్లజాతి వాళ్ళ జుట్టు సామాన్లు తయారుచేసే షికాగో కంపెనీ జాన్సన్ ప్రొడక్ట్స్ అమెరికన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి ఎక్కింది. అక్కడ నమోదైన మొదటి నల్లజాతి కంపెనీ అదే. కాబట్టి మాస్టారూ, మీరు పెంచుకున్న ఆఫ్రో ఫ్యాషనే. దానికోసం ఇక్కడ ఒకావిడ ఉద్యోగం పణంగా పెట్టింది.

ప్రశ్న: మేము కొండమీద స్వామికి ఇచ్చే తలనీలాలు అమెరికాలో నల్లజాతి వాళ్ళ తలల మీదికి వెళతాయంటారు. నిజమేనా? భక్తితో ఇచ్చింది అలా వెళ్ళడం సబబేనా?
– భక్తురాలు, తిరుపతి

జవాబు: కొంతవరకు నిజమే తల్లీ. కల్యాణకట్టలో వచ్చిన జుట్టుని పొడవుని బట్టి వేరుచేసి, టీటీడీ ఆన్‌లైన్‌లో వేలం వేస్తుంది. ఏటా వంద కోట్ల రూపాయలకి పైగా వస్తుంది. పొడవైన ఆడవాళ్ళ జుట్టుకే ఎక్కువ ధర. కుదురు నుంచి కొస దాకా ఒకే దిశలో ఉండి చిక్కు పడదు కాబట్టి విగ్గులకీ, కుట్టి పెట్టే సవరాలకీ దానికి గిరాకీ. మొదట్లో చెప్పిన బాక్స్ బ్రెయిడ్స్‌లో కలిపేది మాత్రం చాలావరకు సింథటిక్ పోగే.

దీని వెనక ఇంకో చరిత్ర ఉంది. 1960ల మధ్యలో అమెరికా, కమ్యూనిస్టు చైనా నుంచి వచ్చే జుట్టుని నిషేధించింది. అప్పుడు విగ్గుల వ్యాపారం దక్షిణ కొరియాకి మళ్ళింది. ఆ విగ్గులు అమ్ముతూ అమెరికా వచ్చిన కొరియా వాళ్ళు నల్లజాతి పేటల్లో దుకాణాలు పెట్టారు. ఈనాటికీ జుట్టు సామాన్ల దుకాణాలు ఎక్కువ వాళ్ళవే. కొనేది నల్లజాతి ఆడవాళ్ళు, అమ్మేది కొరియా వాళ్ళు, జుట్టు మనది. మా ఓనరుకి ఇందులో బాధ ఒకటే: ఇంత డబ్బు తమ పేట నుంచి వెళుతోంది, తిరిగి పేటకి రావడం లేదని. ఆ బాధ నాకు న్యాయంగానే తోస్తుంది.

మీ రెండో ప్రశ్నకి: స్వామికి ఇచ్చాక అది స్వామిది. అది ఎవరి తలకెక్కినా మీ మొక్కుకి లోటు రాదు. మా సెలూన్‌కి కీమోథెరపీలో జుట్టు పోయినవాళ్ళు కూడా వస్తారు. ఆ విగ్గు పెట్టుకుని అద్దంలో చూసుకునే మనిషిని మీరు చూస్తే ఈ ప్రశ్న వేసి ఉండరు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకావిడ ఎన్నో ఏళ్ళుగా వాడే రిలాక్సర్ మానేసింది, క్యాన్సర్ వస్తుందంటోంది. నేను హైదరాబాద్ వచ్చినప్పుడల్లా స్మూతెనింగ్ చేయించుకుంటాను. నాకూ టెన్షన్ పట్టుకుంది.
– పాఠకురాలు, షార్లట్

జవాబు: రిలాక్సర్ అంటే జుట్టుని రసాయనంతో సాఫీ చేసే క్రీము. చాలావాటిలో సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా ఉంటుంది. పోగుని మెలికలో పట్టి ఉంచే గంధకపు బంధాల్ని విడగొడుతుంది. మాడుకి ముందు వాజలిన్ పూస్తారు, అయినా మండుతుంది, కొందరికి పుండ్లు పడతాయి. కొత్తగా పెరిగిన కుదుళ్ళకి మళ్ళీ రెండు నెలలకోసారి పెట్టాలి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళు ఎంతోమంది.

2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. 33,497 మంది స్త్రీలని సుమారు పదకొండేళ్ళు గమనించారు. జుట్టు సాఫీ చేసే రసాయనాలు అసలు వాడనివాళ్ళలో 70 ఏళ్ళ వయసుకి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అని, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో 4.05 శాతం అని లెక్క తేలింది. రంగులు వేసుకోవడానికి, ఆ క్యాన్సర్‌కి సంబంధం కనబడలేదు. అదే కారణమని తేల్చేసినట్టు కాదు. జాగ్రత్తపడటానికి మాత్రం ఇది చాలు. దేశమంతటా కేసులు పడి, షికాగో ఫెడరల్ కోర్టులో కలిపి నడుస్తున్నాయి.

మీ స్మూతెనింగ్‌లో వాడేది వేరే రసాయనం కావచ్చు. కొన్నింటిలో వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. ఇక్కడి కార్మిక భద్రతా సంస్థ 2011లోనే సెలూన్ పనివాళ్ళని దాని గురించి హెచ్చరించింది. డబ్బా మీది పేర్లు చదవండి, చదవనివ్వని పార్లర్‌కి వెళ్ళకండి. నెలసరి తేడాగా ఉన్నా, నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.

ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఉద్యోగానికి తగినట్టు కనబడాలని ఏళ్ళ తరబడి మాడు మండించుకున్న ఆడవాళ్ళకే ఇప్పుడీ భయం కూడా. సరదాకి సాఫీ చేయించుకోవడం ఎవరిష్టం వారిది, నేనూ చేస్తాను ఆ పని. జీతం రాళ్ళు దానిమీద ఆధారపడితే ఇక ఇష్టం అన్న మాటే లేదు.

ప్రశ్న: అక్కా, మా ఆయన నల్లజాతి అమెరికన్. మా పాపకి ఐదేళ్ళు, వాళ్ళ నాన్న జుట్టే వచ్చింది. మా అమ్మ భీమవరం నుంచి వచ్చింది. రోజూ పొడిజుట్టుని సన్నదువ్వెనతో దువ్వుతుంది, పాప ఏడుస్తుంది. "తిరుపతిలో గుండు చేయిస్తే ఈసారి మంచి జుట్టు వస్తుంది" అంటోంది. మొన్న పాప అద్దం ముందు నిలబడి "నాకు అమ్మ జుట్టు కావాలి" అంది. నాకు నిద్ర పట్టలేదు.
– పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: చెల్లెమ్మా, ఈ ఉత్తరం మా ఓనరుకి కూడా చదివి వినిపించాను. కింద రాసిన పద్ధతి ఆమె చెప్పిందే.

సన్నదువ్వెన ఈరోజే తీసి పక్కన పడెయ్. పాప జుట్టుని పొడిగా ఎప్పుడూ దువ్వొద్దు. బాగా తడిపి, నాలుగైదు భాగాలుగా చేసి క్లిప్పులు పెట్టు. ఒక్కో భాగానికి కండిషనర్ బాగా పట్టించి, ముందు వేళ్ళతో చిక్కు తీసి, తర్వాత పెద్దపళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రా. కుదురు దగ్గర జుట్టుని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటే మాడు లాగదు. మెడ మీది జుట్టు అన్నిటికంటే చిక్కుపడుతుంది, అక్కడ తొందరపడొద్దు. తడి ఉండగానే క్రీము, పైన కాస్త నూనె. కొబ్బరినూనె అయినా, ఆముదమైనా పనికొస్తుంది. జమైకా వాళ్ళ నల్ల ఆముదం ఇక్కడ దుకాణాల్లో ఎంత పేరున్న సరుకో మీ అమ్మగారికి చెప్పు, సంతోషిస్తారు. తర్వాత వదులుగా రెండో నాలుగో జడలు. రాత్రి శాటిన్ టోపీ పెట్టి పడుకోబెట్టు, నూలు దిండు తేమంతా పీల్చేస్తుంది. నుదుటి అంచున చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే జడ బిగువైందని అర్థం, వెంటనే విప్పెయ్. అలాగే వదిలేస్తే అక్కడ జుట్టు మళ్ళీ రాకుండా పోవచ్చు.

వీలైతే మీ అత్తగారి చేత వేయించు. ఫోన్ చేసి "నాకు నేర్పండి" అను. ఆ ఇంట్లో ఆ జుట్టు తెలిసిన చేతులు ఉన్నాయి కదా.

పాప అన్న మాట చిన్నదేం కాదు. కెన్నెత్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్త దంపతులు 1940లలో నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగారు. చాలామంది తెల్లబొమ్మని చూపించారు. 1954లో స్కూళ్ళలో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు ఆ పరిశోధన కూడా కోర్టు ముందుంది. మీ పాప వయసు వాళ్ళే ఆ పిల్లలు. అందుకని ఇంట్లో ఆ జుట్టున్న బొమ్మలు కొను, ఆ జుట్టున్న ఆడవాళ్ళ ఫోటోలు పెట్టు, తల దువ్వే గంటని తిట్టే గంటగా కానివ్వకు. స్కూల్లో ఎవరైనా జడలకి అడ్డు చెబితే, న్యూజెర్సీలో 2019 డిసెంబరు నుంచే చట్టం ఉంది, కాగితం మీద రాసి అడుగు.

ఇక మీ అమ్మగారికి ఒక మాట. పిన్నిగారూ, మీ మనవరాలంటే మీకు ప్రాణమని ఈ ఉత్తరంలోనే తెలుస్తోంది. మొక్కు ఉంటే పాపని తీసుకెళ్ళి తలనీలాలు ఇప్పించండి, అందులో ఏ తప్పూ లేదు. కానీ గుండు చేయించినంత మాత్రాన జుట్టు తీరు మారదండీ. మెలిక కుదురులోనే ఉంటుంది, కత్తి దానిదాకా వెళ్ళదు. మళ్ళీ ఇదే జుట్టు వస్తుంది. "మంచి జుట్టు" రావడానికని చెప్పి మాత్రం గుండు చేయించకండి. ఎందుకు చేయించారో ఐదేళ్ళ పిల్లకి అర్థమవుతుంది.